ఏడు బిందెల నీళ్లు



ఈ మాసము మీ యెదుట ఒక ప్రశ్న ఉంచుచున్నాము. నీళ్లకు కటకటలాడే ఊరి మీదుగా పోయే బాటసారి, చేతిలో డబ్బున్నంత మాత్రాన ఆ ఊరి నీళ్లు తన ఇష్టము వచ్చినన్ని నింపుకొని పోవచ్చునా? కూడదంటే ఎన్ని నింపుకోవచ్చును? ఆ కొలత చెప్పవలసినది ఏది? డబ్బా, చట్టమా, నీళ్లిచ్చేవారి మంచితనమా, లేక తీసికొనేవాని మనస్సాక్షియా?

దాహమైనవాడు త్రాగుట తప్పా అని కొందరు అడుగవచ్చును. త్రాగుట తప్పు కాదు. మేము అడుగుచున్నది గొంతు సంగతి కాదు, ట్యాంకు సంగతి.

మన సంఘములలోని కుటుంబములు చాలావరకు సొంత ఊరు విడిచి వచ్చి స్థిరపడినవే. పిల్లలకు సెలవులు రాగానే నాలుగు ఊళ్లు చూడాలనిపించుట సహజము. విదేశములలోని మనవారిలో కొందరు మోటారు హోమ్ అద్దెకు తీసికొని ప్రయాణము చేయుచున్నారు. సినిమా వారు షూటింగులో వాడే క్యారవాన్ వంటిదే అది. పడకలు, పొయ్యి, స్నానపు గది అన్నీ బండిలోనే ఉంటాయి. మన దేశములో కూడ ఈ పద్ధతి వచ్చినది. కేరళ ప్రభుత్వము 2021లో క్యారవాన్ యాత్రల కొరకు ఒక విధానమే ప్రకటించినది.

ఇటువంటి బండిలో మంచినీళ్లకు ఒక ట్యాంకు ఉంటుంది. చిన్న బండికి 60 నుండి 100 లీటర్లు, పెద్ద బండికి 200, 300 లీటర్లు కూడ పట్టవచ్చును. కుళాయికి గొట్టము తగిలిస్తే కొన్ని నిమిషములలో నిండిపోతుంది. నింపేవాడు ప్రక్కన నిలబడి కాఫీ త్రాగవచ్చును. గొట్టము అందని చోట మాత్రము బిందెతోనో క్యానుతోనో చేతి మీద పోసుకోవలసినదే. మన ప్రశ్న పుట్టేది అక్కడనే.

ఒక కుటుంబమును ఊహించుకొందాము. పరదేశములో స్థిరపడినవారు, అమ్మా నాన్న, ఇద్దరు పిల్లలు, వెంట తాతగారు. మదురైలో ఇటువంటి బండి అద్దెకు తీసికొని తూత్తుకుడి సముద్రము చూడ బయలుదేరినారు. ఆ రహదారి కారియాపట్టి మీదుగా, అరుప్పుకోట్టై మీదుగా పోతుంది. కారియాపట్టి వచ్చేసరికి ట్యాంకు అడుగంటినది. దారి ప్రక్కన వీధి కుళాయి, దాని దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరుస కనబడినవి. డ్రైవరు బండి ఆపినాడు. ఇప్పుడు ఏమి చేయవలెను?

ముందు ఆ ఊరు ఉన్న చోటు తెలిసికొనవలెను. కారియాపట్టి తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలోనిది. 1985లో పాత రామనాథపురము జిల్లా నుండి విడదీసి కామరాజర్ జిల్లా అని పేరు పెట్టిన ప్రాంతమునకే 1997 నుండి ఈ పేరు వచ్చినది. ఈ వైపు నేల చాలావరకు నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. ఎండాకాలములో నేల నెఱ్ఱెలు విచ్చుతుంది. దారి పొడవునా సర్కారు తుమ్మ. జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షము పడుతుంది గాని, అందులో ఎక్కువ భాగము అక్టోబరు నుండి డిసెంబరు లోపలనే పడిపోతుంది. గుండారు నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనబడేది ఇసుకే. బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పు నీళ్లు పడతాయి.

అందుచేత ఈ ప్రాంతమువారు దూరపు నీళ్ల మీద ఆధారపడి బ్రతుకుచున్నారు. కోవిల్‌పట్టి పట్టణమునకు నీళ్లు తామ్రపర్ణి ఒడ్డునున్న సీవలప్పేరి నుండి గొట్టములలో రావలెను. కావేరి వరద నీటిని వైగై మీదుగా గుండారు దాకా తేవాలని 2021 ఫిబ్రవరిలో ఒక కాలువకు శంకుస్థాపన జరిగినది. పూర్వము ఊరూరికి ఒక ఊరణి ఉండేది. అది వాన నీటిని నిలువ చేసే త్రాగునీటి గుంట. అందులో పశువులను దింపరు, బట్టలు ఉతకరు, కాళ్లు కడుగరు. ఎవరికి వారు బిందె ముంచుకొని పోవలెను. ఒకడు చేసిన పాడు ఊరంతటి నోట పడుతుందని అందరికి తెలుసును.

ఈ కరిసల్ నేల తెలుగువారికి పరాయిది కాదు. మదురై నాయకుల కాలము నుండి తెలుగు కుటుంబములు ఈ వైపుకు వచ్చి, తుప్పలు కొట్టి, సేద్యము చేసికొని నిలిచినవి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామములో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామము’ అనే తమిళ నవలలో ఆ వలస కథనే వ్రాసినారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడే కుటుంబములు నేటికిని అక్కడ ఉన్నవి. వలస వచ్చినవానికి కొత్త చోట మొదటి అవసరము భూమి కాదు, ఉద్యోగము కాదు, నీళ్లు. ఈ సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన కుటుంబము దగ్గరకు వత్తము. వారి ట్యాంకు 100 లీటర్లు అనుకొందాము. వీధి కుళాయి దగ్గర వాడే బిందె ఒకటి సుమారు 15 లీటర్లు పట్టుతుంది. అనగా ట్యాంకు నిండాలంటే ఏడు బిందెలకు కొంచెము తక్కువ. నీళ్లు లీటరుకు ఒక కిలో. ఒక్కొక్క బిందె 15 కిలోల బరువు. కుళాయి నుండి బండి దాకా మోసి, నడుము ఎత్తుకో రొమ్ము ఎత్తుకో లేపి, ప్రక్కనున్న మూత తీసి, గరాటు పెట్టి పోయవలెను. తొందరపడితే పని సాగదు. నీళ్లు లోపలికి పోవాలంటే ట్యాంకులోని గాలి బయటికి రావాలి. గబగబ పోస్తే గరాటులో నుండి ఎదురు తన్నుతుంది. ఒకరు గరాటు పట్టుకోవలెను, ఒకరు నిదానముగా వంచవలెను. ఒలికిన నీళ్లు నల్లమట్టిలో ఇంకిపోవుట కండ్ల యెదుట కనబడుతుంది.

గొట్టముతో నింపిన 100 లీటర్లును, చేతితో పోసిన 100 లీటర్లును కొలతలో ఒక్కటే. మనిషికి తెలియుటలో ఒక్కటి కాదు. గొట్టముతో నింపినవానికి ముల్లు కదలుట కనబడుతుంది. చేతితో పోసినవానికి భుజము నొప్పి తెలియుతుంది, వెనుక నిలబడినవారి ముఖములు కనబడతాయి. ఆ రాత్రి బండిలో స్నానపు కుళాయి పది నిమిషములు విప్పితే ఈ ఏడు బిందెలలో చాలా భాగము పోతుంది. మోసినవానికి ఆ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు.

ఇప్పుడు జవాబులు చూతము.

మొదటి జవాబు: డబ్బు ఇచ్చి తీసికొనవలెను. ఇది మంచి జవాబే. సంఖ్యాకాండము 20వ అధ్యాయములో మోషే ఎదోము రాజుకు వర్తమానము పంపినప్పుడు, మేము రాజమార్గమున పోయెదము, మీ నీళ్లు త్రాగితే వెల ఇచ్చుకొందుము అను భావముతోనే అడిగినాడు. పరాయి ఊరి నీళ్లు ఊరక పుచ్చుకొనుట వాడుక కాదని అప్పుడే తెలుసును. నేడు కూడ నీళ్లు మోసి అమ్మేవాడు, తోపుడు బండి మీద బిందెలు పెట్టుకొని వీధివీధి తిరిగేవాడు తన చెమటకు కూలి తీసికొనుచున్నాడు. వానికి డబ్బు ఇవ్వకుండ బేరమాడువాడు ధర్మము తెలిసినవాడు కాడు. దుకాణములో 20 లీటర్ల క్యాను కొన్నను తప్పు లేదు.

అయితే వీధి కుళాయి దుకాణము కాదు. అక్కడ నీళ్లు వచ్చే వేళకు ఒక హద్దున్నది. బిందెలు వరుసలో ఉన్నవి. మనము నింపిన ఏడవ బిందె, వరుస చివరనున్న ఇల్లాలి మొదటి బిందె కావచ్చును. ఆమె చేతిలో పది రూపాయలు పెడితే ఆ సాయంకాలము ఆమె ఇంట పప్పు ఉడుకుతుందా? డబ్బు కూలికి సరిపోతుంది, క్యానుకు సరిపోతుంది. కాచుకొని నిలబడినవారి వంతుకు సరిపోదు. వంతు అమ్మకపు వస్తువు కాదు. పైగా వంతు ఎవరిదో, డబ్బు ఎవరికి ఇచ్చినామో చూచుకొంటే తరచుగా ఇద్దరు వేరువేరు మనుష్యులుగా ఉంటారు.

రెండవ జవాబు: వారే ఇస్తామంటే తీసికొనుటలో తప్పేమున్నది? ఇది మరి కష్టమైన మాట. మన పల్లెలలో గాని తమిళ పల్లెలలో గాని దాహమని వచ్చినవానికి నీళ్లు లేవని చెప్పుట పాపముగా ఎంచుతారు. బండి ఆపి అడిగితే ఆ వరుసలోని పెద్దమ్మ తన బిందె ప్రక్కకు జరిపి, పట్టుకోండి అయ్యా, దూరము నుండి వచ్చినారు అనే చెప్పుతుంది. వద్దు అనలేనివారి దగ్గర అడిగేటప్పుడు, వారు చెప్పవలసిన హద్దును కూడ మనమే చెప్పుకోవలెను. ఇచ్చేవారి మంచితనము ఎంత పెద్దదో, తీసికొనేవాని జాగ్రత్త అంత పెద్దది కావలెను.

రిబ్కా కథలో ఇది స్పష్టముగా ఉన్నది. అబ్రాహాము సేవకుడు పది ఒంటెలతో ఊరి బయట బావి దగ్గరకు వచ్చినాడు. దప్పిగొన్న ఒంటె ఒక్కటే నూరు లీటర్ల వరకు త్రాగగలదు. పది ఒంటెలు సగము సగము త్రాగినను అది 500 లీటర్లు. ఏ మోటారు హోమ్ ట్యాంకును అంత పట్టుట అరుదు. అయినను ఆ సేవకుడు ఆమెను నోరు తెరచి అడిగినది తన దాహము తీరే కొంచెము నీళ్లే. ఒంటెల మాట ఎత్తినది రిబ్కా. ఆమె తన ఇష్టము చొప్పున బావికి పరుగెత్తి, చేది, తొట్టిలో పోసినది. అడిగేవాడు కొంచెము అడుగుట, ఇచ్చేవారు నిండుగా ఇచ్చుట, ఈ రెండు కలిసినప్పుడే ఆతిథ్యము అందముగా ఉంటుంది. ఆ సేవకుడే పది ఒంటెలకు నీళ్లు పోయుమని అడిగియుంటే ఆ కథ మరియొక విధముగా ఉండేది.

మూడవ జవాబు: నీళ్లు అందరి హక్కు. ఇదియు నిజమే. త్రాగునీరు మానవ హక్కు అని ఐక్యరాజ్య సమితి 2010 జూలై 28న తీర్మానించినది. మన దేశములో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీళ్లు అందించుట గురిగా పెట్టుకొన్నది. గమనించండి, ఆ లెక్క మనిషికి. బండికి కాదు. మన కుటుంబములో ఐదుగురున్నారు, వారికి త్రాగే హక్కు, వండుకొనే హక్కు ఉన్నది. ట్యాంకుకు హక్కు లేదు. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన దాహము పెద్దది కాలేదు. ఐదుగురు ఆ రాత్రి వరకు త్రాగుటకు, వంటకు రెండు బిందెలు చాలును. మిగిలిన ఐదు బిందెలు స్నానమునకు, గిన్నెలకు, రేపటి భయమునకు.

ఈ రేపటి భయము అనేదే అసలు చిక్కు. కారియాపట్టి ఇల్లాలు కూడ రేపటి కొరకే బిందెలు వరుసలో పెట్టినది. ఆమె రేపు ఆ వీధిలోనే ఉంటుంది. బండివారి రేపు తూత్తుకుడిలో ఉన్నది, అక్కడ నీళ్లు కొనుక్కొనే దారి వారికి ఉన్నది. దాటిపోయే వీలున్నవాడు, దాటిపోయే వీలులేనివారి నిలువలోనుండి తన భయము తీర్చుకొనరాదని మేము తలంచుచున్నాము.

ఇక్కడ ఒక మాట మన సంఘములకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పెద్దలలో అనేకులు ఊరి బావి గట్టు ఎక్కనియ్యబడనివారు. చేద వేయుటకు వారికి సెలవు లేదు. ఎవరైనా దయ తలచి పైనుండి వంచి పోస్తే, దోసిలి పట్టి త్రాగినారు, కుండ దూరముగా పెట్టి నింపించుకొన్నారు. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకములో మట్టి మోసి కూలి సంపాదించుకొన్నవారు మన పెద్దలు. ఆ పనిలో ఒక భాగమునకు క్లౌ దొరగారు గుత్త తీసికొన్న సంగతి మనకందరికి తెలిసినదే. 1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ గారు వేలమందితో పోయి చౌదార్ చెరువు నీళ్లు దోసిట తీసికొని త్రాగినారు. దానిపై నడచిన వ్యాజ్యము 1937లో బొంబాయి హైకోర్టులో ముగిసినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో బావులు, చెరువులు, స్నాన ఘట్టముల పేరు పెట్టి మరీ వివక్ష కూడదన్నది.

దోసిలి పట్టినవారి మనుమలు, మనుమరాండ్రు నేడు నూరు లీటర్ల ట్యాంకుతో ప్రయాణము చేయుచున్నారు. ఇది దేవుని కృప, సంతోషింపవలసిన సంగతి. దీనిని బట్టి ఎవరును సిగ్గుపడనక్కరలేదు. అయితే నీళ్ల దగ్గర కనిపెట్టుకొని నిలబడుట ఎటువంటిదో తెలిసిన ఇంటిలో పుట్టినవారికి, ఆ కారియాపట్టి వరుస వట్టి వరుసగా కనబడరాదు. ఆ వరుసలో చివర నిలబడినది ఎవరో మనము ముందుగా చూడవలెను. కొన్ని ఊళ్లలో నేటికిని ఎవరు చివర నిలబడతారనేది బిందె ఎప్పుడు పెట్టినారన్న దానిని బట్టి కాక, వేరొక లెక్కను బట్టి నడుస్తుంది.

మరి మోసేవారి సంగతి? మన దేశములో ఇంటికి నీళ్లు మోసేది ఎక్కువగా స్త్రీలు, ఆడపిల్లలు. బండివారు బరువు ఎత్తలేక, అక్కడున్న ఒక బాలికకు యాభై రూపాయలిచ్చి ఏడు బిందెలు పోయించుకోవచ్చును. అది నూట అయిదు కిలోలు. దావీదు బేత్లెహేము బావి నీళ్లు కావాలని ఆశపడినప్పుడు ముగ్గురు బలాఢ్యులు ప్రాణమునకు తెగించి తెచ్చినారు. ఆయన ఆ నీళ్లు త్రాగక దేవుని సన్నిధిని పారబోసినాడు. ఆ నీళ్లలో ఆయనకు కనబడినది నీళ్లు కాదు, తెచ్చినవారి ప్రాణము. మనము కారియాపట్టి నీళ్లు పారబోయుట ధర్మము కాదు, అక్కడ ఒక్క చుక్కయు పారబోయరాదు. కాని మోసినవారిని చూచే ఆ చూపు మనకు కావలెను. ఒంట్లో శక్తి ఉన్నవాడు తన బిందె తానే మోసికొనుట మేలు. శక్తి లేని తాతగారి కొరకు మోసినవారికి, అడిగిన దానికంటె ఎక్కువ కూలి ఇచ్చుట మేలు. చదువుకొనవలసిన పిల్లచేత మోయించరాదు.

ఏడు బిందెలతో కారియాపట్టి ఎండిపోతుందా, ఇంత చిన్న దానికి ఇంత విచారణ ఎందుకని ఒకరు అనవచ్చును. ఎండిపోదు. ఒక్క బండితో ఏ ఊరును ఎండదు. అయితే తప్పొప్పులు లీటర్లతోనే కొలిచేవి కావు. వరుసలో నిలబడినవారిని మనము లెక్కలోనికి తీసికొన్నామా లేదా అన్నదే ప్రశ్న. రెండు బిందెలు అడిగి తీసికొనేవాడు వారిని మనుష్యులుగా చూచినాడు. ఏడు బిందెలు డబ్బిచ్చి నింపుకొన్నవాడు కుళాయిని మాత్రమే చూచినాడు.

మరియొకరు, అయితే అమెరికాలో క్యాంపు మైదానములో గొట్టము పెట్టి నింపుకొనుట కూడ తప్పా అని అడుగవచ్చును. తప్పు కాదు. అక్కడ ఆ కుళాయి వచ్చిన బండ్లకొరకే పెట్టినది, దాని వెల అద్దెలో చేరియున్నది, వెనుక ఎవరి బిందెయు లేదు. లేని తప్పును నెత్తిన వేసికొని కుములుట భక్తి కాదు. చోటును బట్టి కొలత మారుతుంది. మారనిది ఒక్కటే: నింపే ముందు వెనుకకు తిరిగి చూచి, ఎవరైనా కాచుకొనియున్నారా అని తెలిసికొనుట.

కాబట్టి ఆ కుటుంబము ఏమి చేయవలెను? బయలుదేరే ముందు మదురైలోనే ట్యాంకు నింపుకొనుట మొదటి జాగ్రత్త. దారిలో అడుగంటితే, ముందు దుకాణములో క్యాన్లు దొరుకునేమో చూడవలెను. దొరకకపోతే కుళాయి దగ్గరకు పోయి, వరుసలో పెద్దవారెవరో వారిని అడిగి, చివర నిలబడవలెను. ఒక్కొక్క ఇంటివారు ఎన్ని బిందెలు పట్టుకొనుచున్నారో చూచి, దానికి మించకుండ, త్రాగుటకును వంటకును మాత్రమే పట్టుకోవలెను. ఆ ఊరి ఇంటి కొలతే అతిథికి కొలత. గరాటు శుభ్రముగా ఉంచుకోవలెను, ఎవరి బిందెలోను మన మగ్గు ముంచరాదు. బండిలోని మురికి నీళ్లు ఊరణి దగ్గర గాని, కాలువలో గాని విడువరాదు. ఆ రాత్రి స్నానము మానివేసి తడిగుడ్డతో తుడుచుకొంటే పిల్లలకు ఏమియు కాదు, పైగా ఒక సంగతి జ్ఞాపకముంటుంది.

అడుగుట చిన్నతనమని తలంచవద్దు. సమరయలో యాకోబు బావి దగ్గర అలసి కూర్చున్న ప్రభువు దగ్గర చేదుకొనుటకు పాత్ర లేదు. ఆయన ఒక స్త్రీని నీళ్లు అడిగినాడు, అదియు తన జనులు మాటాడని జనములోని స్త్రీని. తీసికొనేవాడు క్రింద నిలబడి అడిగిన చోట ఇచ్చేవారికి గౌరవము కలుగుతుంది. ట్యాంకు ఉన్నవాడు ఆ విధముగా నిలబడుట కష్టము, అందుచేతనే నేర్చుకోవలసినది.

ఈ మాసములో ఒక దినము మీ మీ కుటుంబములలో ఒక పని చేసి చూడుమని కోరుచున్నాము. ఆ దినము వంటింటి కుళాయి, స్నానపు గది కుళాయి కట్టివేసి, పెరటిలోనో వీధిలోనో ఉన్న ఒక్క కుళాయి నుండి బిందెతో మోసికొని గడపండి. ఎన్ని బిందెలు అయినవో గోడ మీది క్యాలెండరులో వ్రాసి పెట్టండి. మోసినది ఎవరో వారి పేరు కూడ వ్రాయండి.